దీన్ని మనవాళ్ళు ఏమంటారు?

పది ఆదివారాల పాటు నేను హాజరైన తావో (చైనాలో పుట్టిన ఒక పాత సంప్రదాయం) ధ్యాన తరగతిలో ప్రతి వారమూ ఎవరో ఒకరి నోట ఒకే ప్రశ్న వచ్చేది. మాస్టారు ఒక కొత్త మాట చెప్పీ చెప్పకముందే, దాన్ని ఒంటితో పరీక్షించి చూసుకునే ఓపిక లేకుండా, "దీన్ని మనవాళ్ళు ఏమంటారు సార్?" అని ఒక గొంతు లేచేది. మొదటి రెండు వారాలూ ఆ గొంతు నాదే. భూముల దస్తావేజులు, కోర్టు తీర్పులు, కంపెనీల ఒప్పందాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకీ, అప్పుడప్పుడు తెలుగు నుంచి ఇంగ్లీషులోకీ మార్చిపెట్టి పాతికేళ్ళుగా బతుకుతున్న మనిషిని నేను. సరైన సమానపదం దొరకని మాట తగిలితే నాకు చెప్పులో రాయి పడ్డట్టే ఉంటుంది. అందువల్ల ఆ ప్రశ్న అడగడంలో తప్పుందని నాకు తోచలేదు సరికదా, అడగనివాళ్ళే శ్రద్ధగా వినడం లేదేమోనని కూడా అనుకున్నాను.

తరగతి ముగిసి నాలుగు నెలలైంది. మొన్న మా తమ్ముడు ఫోన్‌లో "మన దగ్గర లేని ధ్యానమా, చైనావాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి?" అన్నప్పుడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఆ జవాబును సరిగా చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. తెలియని సాధనను తెలిసినదానితో వెంటనే జతకట్టే తొందరే మా తరగతిలో నేర్చుకోవడానికి అన్నిటికంటే పెద్ద అడ్డంకి అయిందని నా అభిప్రాయం. ఒంటి నొప్పులు, బద్ధకం, అపనమ్మకం దాని తరువాతివి. అయితే ఈ అభిప్రాయం మీద నాకు పూర్తి ధీమా లేదు. ఎందుకు లేదో కూడా చెబుతాను.

మేడమీద హాలు

హైదరాబాదు పద్మారావునగర్‌లో ఒక పాత అపార్ట్‌మెంటు మేడమీద రేకుల కప్పు వేసిన హాలు అది. మామూలు రోజుల్లో అందులో పిల్లలకు కూచిపూడి నేర్పుతారు కాబట్టి ఒక గోడ పొడవునా అద్దం ఉంటుంది. మొదటి రోజునే మాస్టారు ఆ అద్దం మీద దుప్పటి కప్పించారు. ఉదయం ఆరింటికి మొదలై ఎనిమిదింటికి ముగిసేది. పది వారాలకు 4,500 రూపాయలు తీసుకున్నారు. ఇరవై ఇద్దరం చేరాం, పదమూడు మందిమి మిగిలాం.

మాస్టారు చైనా చూడలేదు. కౌలాలంపూర్‌లో పద్నాలుగేళ్ళు ఒక గిడ్డంగిలో లెక్కలు రాస్తూ, అక్కడి పార్కులో తెల్లవారుజామున కదలకుండా నిలబడే ఒక చైనీయ పెద్దాయన వెనుక తానూ నిలబడి నేర్చుకున్నారట. మొదటి ఏడాది వాళ్ళిద్దరి మధ్య పట్టుమని పది వాక్యాలు నడవలేదని, ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన భాష బజారులో మాట్లాడే మలయ్ ఒక్కటేనని ఆయన చెప్పినప్పుడు మేమంతా జాలిపడ్డాం. అది జాలిపడవలసిన సంగతి కాదని నాకు ఏడో వారానికి గానీ తట్టలేదు.

ధ్యానం కోసం డబ్బు కట్టి వచ్చిన మమ్మల్ని మూడు వారాలపాటు కూర్చోనివ్వలేదు. నిలబడటమే పాఠం. దాన్ని చాన్‌చువాంగ్ అంటారు; నేలలో పాతిన గుంజలా నిలవడమని దాని అర్థం. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ళు వంగీ వంగనట్టు, చేతులు పెద్ద కాగును కావలించుకున్నట్టు రొమ్ము ఎత్తున గుండ్రంగా, నాలుక కొస అంగిటికి ఆనించి, చూపును దూరంగా వదిలేసి నిలవాలి. మూడో నిమిషానికి భుజాలు మండేవి, ఆరో నిమిషానికి తొడలు వణికేవి. సీతాఫల్‌మండి వైపు నుంచి రైలు కూత వినిపిస్తే, ఆ రైలెక్కి ఎటైనా పోదామనిపించేది.

నిలబడ్డవాళ్ళ మధ్య తిరుగుతూ మాస్టారు ఒకే మాట అనేవారు: "సుంగ్, సుంగ్." సడలించమని చెబుతున్నారని అర్థమైంది గానీ, సడలిస్తే చేతులు కిందికి పడిపోతున్నాయి, చేతులు నిలిపితే భుజాలు బిగుసుకుంటున్నాయి. పాత చైనా లిపిలో ఆ అక్షరానికి పై భాగం జుట్టును సూచిస్తుందని, కింది భాగం ఉచ్చారణ కోసం పెట్టిన దేవదారు జాతి చెట్టు పేరని ఆయన వివరించారు. కొప్పుముడి విప్పినప్పుడు జుట్టు దానంతట అది జారి భుజాల మీదికి దిగుతుంది, తెగి కింద పడదు, అలా ఉండాలట. ఇంతకంటే స్పష్టమైన సూచన నాకు ఎవరూ ఇచ్చి ఉండరు. కానీ నేను ఆ కొప్పు విప్పుకోలేదు. "యోగసూత్రాల్లో ప్రయత్నశైథిల్యం అంటారే, అదేనాండీ?" అని అడిగాను. మాస్టారు నా వైపు చూసి, "అదే కావచ్చండీ. మీ మోకాళ్ళు చూసుకోండి," అన్నారు. చూసుకుంటే రెండూ కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. పతంజలి మాట నాకు ఎప్పటినుంచో తెలుసు. అది తెలియడం వల్ల నా మోకాళ్ళకు ఒరిగిందేమీ లేదు.

పొలమా, పద్మమా

నాలుగో వారం కూర్చున్నాం. పొత్తికడుపులో, బొడ్డు కింద మూడు నాలుగు వేళ్ళ దూరంలో, చర్మానికి బాగా లోపల ఉండే చోటును దాన్‌తియెన్ అంటారనీ, ఊపిరిని అక్కడికి తోయకుండా, అది దిగేదాకా ఊరకే ఆ చోట ఆనుకుని ఉండాలనీ మాస్టారు చెప్పారు. అంతే, తరగతి రెండుగా చీలిపోయింది.

మా బ్యాచ్‌లో ఇరవై ఏళ్ళుగా ప్రాణాయామం చేస్తున్న ఒక పెద్దావిడ ఉన్నారు. వరంగల్ వైపు నుంచి ఎప్పుడో వచ్చి చిలకలగూడలో స్థిరపడ్డారు. కుర్రవాళ్ళంతా ఆవిడను ప్రాణాయామం ఆంటీ అనేవారు. "గిది మన మణిపూరక చక్రమే గద సార్, దీనికి చైనా దాక పోవుడెందుకు?" అన్నారావిడ. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన వెంటనే అడ్డుతగిలారు: "బొడ్డు దగ్గరుంటే మణిపూరకం అమ్మా. బొడ్డు కిందంటే స్వాధిష్ఠానం అవుతుంది." ఆవిడ ఒక గురువుగారి పేరు చెప్పారు, ఆయన ఇంకో గురువుగారి పేరు చెప్పారు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే కుర్రాడు ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. ఆ బొమ్మలో చక్రం ఇద్దరూ చెప్పిన చోటా లేదు. పాతిక నిమిషాలు గడిచాయి. కింది అంతస్తులో ఎవరింట్లోనో కుక్కరు మూడు కూతలు వేసింది. ఆ వేళ మేము ఊపిరిని చూసింది మొత్తం మీద పదిహేను నిమిషాలు కూడా ఉండదు, అందులోనూ సగంమంది లోలోపల వాదన కొనసాగిస్తూనే ఉన్నారు. మాస్టారు ఎవరినీ వారించలేదు. అది ఆయన లోపమని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ కొంతవరకు అలాగే అనుకుంటున్నాను.

ఇంటికి వెళ్ళాక నన్ను పట్టుకున్నది ఆ ఇద్దరిలో ఎవరు సరి అన్న సందేహం కాదు. దాన్ అంటే ఇంగిలీకం, తియెన్ అంటే పొలం. తియెన్ రాసే అక్షరం చూస్తే నాలుగు మడులుగా గట్లు వేసిన చేనులాగే ఉంటుంది. ఇంగిలీకం ఎందుకొచ్చిందంటే, పూర్వం అక్కడి రసవాదులు దాన్ని కొలిమిలో కాల్చి పాదరసం తీసి, చావు రాని మందు చేయబోయారు. అటువంటి మందులు మింగి తాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు చచ్చిపోయారు కూడా. తరువాతి కాలపు సాధకులు కొలిమినీ మూసనూ ఒంట్లోనే ఊహించుకుని, ఆ పాత మాటలను లోపలి పనికి వాడుకున్నారు. ఇక్కడ నాకు వేమన పరుసవేది కథ, శ్రీపర్వతం మీది సిద్ధ నాగార్జునుడు గుర్తుకు రానే వచ్చారు. చూశారా, ఈ రోగం ఎంత త్వరగా తిరగబెడుతుందో.

సంగతికి వస్తే, పద్మం వేరు, పొలం వేరు. చక్రమో పద్మమో అనుకోగానే అది విచ్చుకోవాలనీ, తిరగాలనీ, రంగు కనబడాలనీ, దాని తరువాత పైమెట్టు ఉండాలనీ మనసు ఎదురుచూస్తుంది. కుండలిని బొమ్మలో దారి అంతా కింది నుంచి పైకే. పొలం దగ్గర చేయగలిగింది దున్నడం, తడిపెట్టడం, ఎదురుచూడటం. నాటు వేసిన మర్నాడు మొలకను పైకి లాగే రైతు ఉండడు. మాస్టారు పదే పదే "ఆనుకుని ఉండండి" అని ఎందుకన్నారో, "తెరవండి" అని ఒక్కసారీ ఎందుకనలేదో ఆ పోలికలోనే ఉంది. పై చక్రానికి దాటడానికి ప్రయత్నిస్తున్న నా ఊపిరి నాలుగు వారాలుగా గొంతు దగ్గరే ఎందుకు ఆగుతోందో కూడా అందులోనే ఉందని నా అనుమానం. రెండు బొమ్మల్లో ఏది గొప్పదన్న మాట నేను అనడం లేదు. ఒక బొమ్మ చూస్తూ ఇంకో బొమ్మ ప్రకారం పని చేస్తే చెయ్యి తడబడుతుంది.

వెనక్కి దిగే దారి సంగతీ అంతే. తావో సాధనలో వెన్ను వెంట పైకెక్కిన చీ (ఊపిరిలా ఒంట్లో తిరుగుతుందని వాళ్ళు చెప్పే శక్తి) నడినెత్తిన ఆగదు, ముఖం మీదుగా రొమ్ము మీదుగా మళ్ళీ పొత్తికడుపుకు దిగాలి. అంగిటికి ఆనించిన నాలుకే ఆ రెండు దారులను కలిపే వంతెన. దానికి గిజిగాడి పేరో చిలుక పేరో కాక మాగ్‌పై అనే పిట్టల వంతెన అని పేరు పెట్టారు. విడిపోయిన ఆలుమగలు ఏడాదికొకసారి కలుసుకోవడానికి ఆ పిట్టలు ఆకాశంలో వంతెన కట్టే కథ వాళ్ళకుంది. మాకు ఈ ప్రదక్షిణ నేర్పలేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు రెండుసార్లు అడిగితే, "పొలంలో నీళ్ళు లేకుండా కాలువ తవ్వి ఏం చేస్తావు బాబూ?" అన్నారు మాస్టారు.

హ్యూయన్‌త్సాంగ్‌కు వచ్చిన చిక్కు

తరగతి జరుగుతుండగానే చదివిన ఒక పాత సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. మన ధాన్యకటకంలో కొన్ని నెలలుండి అభిధర్మమనే బౌద్ధ శాస్త్రం చదువుకున్న హ్యూయన్‌త్సాంగ్ స్వదేశానికి తిరిగి వెళ్ళాక, 647లో చక్రవర్తి తైజుంగ్ ఆయనకు ఒక పని అప్పగించాడు. తావో సంప్రదాయానికి ఆదిగురువైన లావోత్సు గ్రంథం తమకు కావాలని కామరూప రాజు అడిగాడు గనుక దాన్ని సంస్కృతంలోకి మార్చాలి. ఆ పనిలో తావో పండితులనూ కూర్చోబెట్టారు. మొదటి మాట దగ్గరే గొడవ వచ్చింది. "తావో"కు "బోధి" (బౌద్ధుల జ్ఞానోదయం) అని పెట్టమని తావో పండితులు పట్టుబట్టారు. కాదు, "మార్గం" అనే పెట్టాలని హ్యూయన్‌త్సాంగ్ భీష్మించాడు.

వినడానికి ఇది పండితుల పంతంలా ఉంటుంది గానీ దాని వెనుక నాలుగైదు వందల ఏళ్ళ కథ ఉంది. బౌద్ధం చైనాలో అడుగుపెట్టిన తొలిరోజుల్లో అనువాదకులు చేతికందిన తావో మాటలనే వాడుకున్నారు: బోధికి తావో అన్నారు, నిర్వాణానికి వూవెయ్ అన్నారు. వూవెయ్ అంటే బలవంతాన ఏదీ చేయకుండటం. దానికీ నిర్వాణానికీ ఎంత దూరమో చెప్పనక్కరలేదు. చైనాలో ఉన్న గ్రంథాలను మూలంతో సరిచూసుకోవడానికే హ్యూయన్‌త్సాంగ్ పదహారేళ్ళు ఎడారులు, కొండలు దాటి తిరిగొచ్చాడు. అలాంటి మనిషిని మళ్ళీ అదే ముడి వేయమంటే ఒప్పుకుంటాడా? ఆ సంస్కృత అనువాదం ఈనాటి వరకు ఎక్కడా దొరకలేదు.

అదే వాదనలో ఇంకో ముచ్చట కూడా ఉంది. ఆ గ్రంథం ముందున్న పీఠికలో పళ్ళు టకటక కొట్టడం, నోట్లో ఊరిన ఉమ్మిని మింగడం గురించి ఉంది. అదంతా మోటుగా ఉందని, పరదేశంలో వింటే మన దేశానికి నామర్దా అని చెప్పి దాన్ని అనువదించడానికి ఆయన ససేమిరా అన్నాడు. మా తరగతిలో అయిదో వారం పాఠం సరిగ్గా అదే. కూర్చున్నాక ముప్పై ఆరుసార్లు పళ్ళు మెల్లగా కొట్టి, నాలుకను చిగుళ్ళ చుట్టూ తిప్పి, ఊరిన నీటిని మూడు గుటకలుగా మింగుతూ దాని వెంట దృష్టిని పొత్తికడుపు దాకా పంపాలి. హాల్లో మొదట నవ్వులు, ఆ తరువాత ముఖాలు చిట్లించడం. రైల్వే పెద్దాయన లేచి మేడ అంచుకు వెళ్ళి ఉమ్మేసి వచ్చారు. ఎంగిలి అనే మాట పుట్టిన దేశంలో ఈ పాఠం ఎలా చెల్లుతుందో హ్యూయన్‌త్సాంగ్‌కు బాగానే తెలుసు. పదమూడు వందల ఏళ్ళు దాటినా మేము ఆయన అంచనాను తప్పించలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాను. ఆ వారం "దీన్ని మనవాళ్ళు ఏమంటారు?" అని ఎవరూ అడగలేదు. నాలుకను వెనక్కి మడిచే ఖేచరీ ముద్రతో పోల్చడానికి వీలుండి కూడా ఎవరూ పోల్చలేదు. మనకు నచ్చి, గౌరవంగా కనబడినదాన్నే మనది అంటాం. వింతగా ఉన్నదాన్ని వాళ్ళకే వదిలేస్తాం. ఎవరూ పోల్చని ఆ పాఠమే నాకు అందరికంటే ముందు పట్టుబడింది. మూడో గుటక దిగుతుండగా నా ఊపిరి మొదటిసారి గొంతు దాటి కిందికి దిగింది.

మనసుకు ఉపవాసం

ఆరో వారం చువాంగ్‌త్సు అనే పాత తావో గ్రంథంలోని ఒక సంభాషణ చదివించారు. కన్‌ఫ్యూషియస్ తన శిష్యుడు యెన్‌హ్వేను ఉపవాసం ఉండమంటాడు. మాది పేద కొంప, నెలల తరబడి మద్యం ముట్టలేదు, మాంసం తినలేదు, ఇది ఉపవాసం కాదా అని శిష్యుడు అడుగుతాడు. అది పూజలకు ఉండే ఉపవాసం, నేను చెప్పేది మనసుకు ఉపవాసం అంటాడు గురువు. ఏకాదశి పేరు చెప్పి జీడిపప్పు ఉప్మా తినే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని తలుచుకుని నాకు నవ్వొచ్చింది.

ఆ తరువాతి వాక్యాలు మాత్రం నవ్వించలేదు. చెవితో వినకు, మనసుతో విను. మనసుతోనూ కాదు, చీతో విను, అంటాడు. ఎందుకంటే చెవి వినడం దగ్గరే ఆగిపోతుంది, మనసు "ఫూ" దగ్గర ఆగిపోతుంది. ఈ ఫూ అనే మాటను నేను మూడు ఇంగ్లీషు అనువాదాల్లో మూడు రకాలుగా చూశాను. ఫూ అంటే పూర్వం వెదురు బద్దనో కంచు బిళ్ళనో రెండు ముక్కలు చేసి చెరొకరు ఉంచుకునే గుర్తు. దూత తెచ్చిన ముక్క మన దగ్గరున్న ముక్కతో అతికితే అతను నిజమైన దూత. అంటే బయటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ తన దగ్గరున్న ముక్కతో అతికించి చూసుకోవడమే మనసు చేసే పని, అతికిన చోట అది ఆగిపోతుంది. చీ అయితే ఖాళీగా ఉండి, వచ్చేదాని కోసం ఎదురుచూస్తుంది.

నా వృత్తిని ఇంత సూటిగా ఎవరూ వర్ణించలేదు. ఇంగ్లీషు ముక్క వస్తుంది, తెలుగు ముక్క వెతుకుతాను, అతికితే ముందుకు పోతాను. అతికిన తరువాత ఆ మాట వంక తిరిగి చూడను. కోర్టు కాగితానికి అది చాలు. "ప్రయత్నశైథిల్యం" అని అతికించుకున్న మరుక్షణం సుంగ్ నా దృష్టిలో అయిపోయిన పని. ఆ తరువాత మూడు వారాలు నిలబడ్డా దాని మీద నాకు కుతూహలం మిగలలేదు. మణిపూరకం అన్నవారికీ స్వాధిష్ఠానం అన్నవారికీ పొత్తికడుపులో వెతకవలసినది ఇక ఏమీ లేకపోయింది. కౌలాలంపూర్ పార్కులో పది వాక్యాలైనా అందని మాస్టారికి ఏడాదంతా వెతుకులాటే మిగిలింది. మేము జాలిపడ్డది దానికే.

ఎదుటి పక్షం

ఇదంతా మా తమ్ముడికి చెబితే అతను ఊరుకునే రకం కాదు. "బోధిధర్ముడు కంచి నుంచి వెళ్ళి నేర్పినవే కదా ఇవన్నీ?" అన్నాడు. ఈ వాదనకు జవాబు సులువు. ఊపిరిని, మనసును సమం చేసుకోవడం గురించి చెప్పే నెయ్‌యే అనే చిన్న గ్రంథం క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దపుది. బౌద్ధం చైనాకు చేరింది క్రీస్తు శకం మొదలయ్యాక. చాంగ్‌షా దగ్గర మవాంగ్‌దుయ్‌లో 1973లో తవ్వితీసిన సమాధిలో పట్టుగుడ్డ మీద గీసిన 44 వ్యాయామ భంగిమలు దొరికాయి. ఆ సమాధిని మూసింది క్రీస్తు పూర్వం 168లో. బోధిధర్ముడి పేరు మీద చెలామణి అయ్యే కండరాల వ్యాయామాల పుస్తకం పదిహేడో శతాబ్దపుది. అతనికి ఈ తేదీలు పంపాను. బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొచ్చింది.

దానికంటే బరువైన అభ్యంతరం మాస్టారిది. ఎనిమిదో వారం తరగతి అయ్యాక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, పోలికలను ఆయన మొదటి రోజునే ఎందుకు ఆపలేదని అడిగాను. "ప్రాణం అనే మాట వాడనివ్వకపోతే మీలో సగంమంది రెండో వారానికి వచ్చేవారు కాదు," అన్నారు. "తలుపు దగ్గర చెప్పులు విడిచి రమ్మంటాం. చెప్పులే వేసుకుని రావద్దంటే ముషీరాబాద్ నుంచి ఎండలో ఎలా వస్తారు?" నిజమే. కొత్త మాటలతోనే మొదలుపెట్టాలంటే పసిపిల్లలకే సాధ్యం. తొలి బౌద్ధ అనువాదకులు నిర్వాణానికి వూవెయ్ అనకపోయి ఉంటే హ్యూయన్‌త్సాంగ్ దిద్దడానికి చైనాలో బౌద్ధమే ఉండేది కాదేమో. నాలుగు వందల ఏళ్ళు తప్పుగా పిలిచిన తరువాతే సరిగా పిలవాలన్న పట్టుదల పుట్టింది. పది వారాల తరగతిలో నేను ఆ పట్టుదలను మూడో వారానికే ఆశిస్తున్నాను.

అసలు పోలికలు పెరగడానికి కారణం గుంపు అని కూడా కొన్నాళ్ళు అనుకున్నాను. తరగతి చివర పావుగంట అనుభవాలు చెప్పుకునే ఏర్పాటు ఉండేది. మూడో వారం ఒకరు అరచేతుల్లో వెచ్చదనం తెలిసిందన్నారు. నాలుగో వారానికి ఏడుగురికి తెలిసింది. ఒకరు కనుబొమల మధ్య నీలికాంతి అన్నారు. ఆ పై వారం కాంతి చూడనివాళ్ళు ఇంటి హోంవర్కు చేయని పిల్లల్లా తలవంచుకున్నారు. నాకూ ఏదో మెరిసిందని చెప్పబోయి, చెప్పకుండా ఆగడానికి చాలా కష్టపడ్డాను. మాటలు మొదలైన చోటే పోలికలు మొదలయ్యేవి.

కానీ గుంపు లేకపోతే నేను ఆరు నిమిషాలు దాటి నిలబడేదాన్ని కాదు. పక్కవారి తొడలూ వణుకుతున్నాయని తెలిస్తే నా వణుకు భరించదగినదవుతుంది. ముందువరుసలో డెబ్బై ఏళ్ళ మనిషి నిలబడి ఉండగా నేను కూలబడటానికి సిగ్గేస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి సాధనలను ఒంటరిగా, అతిగా, పుస్తకం చూసి చేసి మతి చెదిరినవాళ్ళ గురించి చైనాలో ఒక ప్రత్యేకమైన పేరే ఉంది. నిప్పు దారి తప్పి పిశాచం చొరబడటమని దాని అర్థం. 1980లలో అక్కడ చీగుంగ్ (చీని కదిలించే సాధనల) పిచ్చి ఊళ్ళకు ఊళ్ళను ఊపిన తరువాత, అమెరికా మనోవైద్యులు 1994లో తమ రోగనిర్ణయ గ్రంథం అనుబంధంలో దాని వల్ల వచ్చే చిత్తభ్రమను పేర్కొన్నారు. ఇంట్లో పదిహేను నిమిషాలకు మించి చేయవద్దని మాస్టారు కచ్చితంగా చెప్పారు. గుంపు కావాలి. చివరి పావుగంట వద్దు. ఈ రెండింటినీ విడదీయవచ్చునా అన్నది నాకింకా తేలలేదు.

కూర్చుని మరిచిపోవడం

చివరి మూడు వారాలు జ్వోవాంగ్. మాటకు మాట పెడితే కూర్చుని మరిచిపోవడం. ఇదీ చువాంగ్‌త్సు గ్రంథంలోదే. యెన్‌హ్వే వచ్చి, నేను ముందుకు సాగుతున్నాను, దయను, ధర్మాన్ని మరిచిపోయాను అంటాడు. బాగుంది గానీ ఇంకా చాలదు అంటాడు కన్‌ఫ్యూషియస్. ఇంకోరోజు వచ్చి, మర్యాదలను, సంగీతాన్ని మరిచిపోయాను అంటాడు. అదే జవాబు. మరోరోజు వచ్చి, కూర్చుని మరిచిపోతున్నాను అంటాడు. గురువు ఉలిక్కిపడి, అంటే ఏమిటని అడుగుతాడు. అవయవాలను రాల్చేసి, చూపు వినికిడుల చురుకును తోసేసి, రూపాన్ని, తెలివిని వదిలి, అంతటా పారేదానితో ఒకటి కావడమని శిష్యుడు చెబుతాడు. అయితే నేనే నీ వెనుక నడుస్తాను అంటాడు గురువు.

"కూర్చుని మరిచిపోవడమా? అది నాకు రోజూ అవుతోంది బాబూ, దానికి ఫీజు కూడానా?" అన్నారు రైల్వే పెద్దాయన. అందరం నవ్వాం, ఆయనా నవ్వారు. కానీ తెలుగులో మరుపు ఎప్పుడూ లోపమే. మతిమరుపు ముసలితనపు భయం, మరిచిపోవడం పిల్లలకు బెత్తం దెబ్బ. పరీక్షల పేరు చెప్పి పెరిగిన హైదరాబాదువాళ్ళకు మరిచిపోవడాన్ని ఒక ప్రగతిగా చూపడం అంత తేలిక కాదు.

పాఠం ఏమీ లేదు. కూర్చోవడమే. ఊపిరిని లెక్కపెట్టవద్దు, దాన్‌తియెన్‌ను పట్టుకోవద్దు, ఏదైనా గుర్తొస్తే రానిచ్చి పోనివ్వడం. నాకు గుర్తొచ్చినవన్నీ మాటలే: సోమవారం పంపవలసిన లీజు ఒప్పందం, అందులో ఒక క్లాజుకు సరైన తెలుగు. ఈ సాధన గురించి తాంగ్ కాలపు సిమా చెంగ్‌చెన్ రాసిన గ్రంథంలో ఏడు అంచెలు ఉన్నాయి. శ్రద్ధ, బంధాలు తెంచుకోవడం, మనసును కూడదీసుకోవడం, నాలుగోది పనులు తగ్గించుకోవడం. ఆ నాలుగో అంచె ఆదివారం తరగతిలో ఎలా నేర్పుతారు? కాగితాల గడువులన్నీ సంచీలో పెట్టుకుని వచ్చి, రెండు గంటలు కూర్చుని, తిరుగుదారిలో వాటినే మోసుకుపోతాం. తరగతి రూపంలోనే ఈ సాధనకు సరిపడనిది ఉందనిపించిన క్షణం అది, పోలికల గొడవకు దానికీ సంబంధం లేదు. నా అభిప్రాయం ఆ మేరకు పలచబడుతుందని ఒప్పుకుంటున్నాను.

తొమ్మిదో వారం ఒకటి జరిగింది. ఎంతసేపైందో తెలియదు, కింద కుక్కరు కూస్తున్నా, అది కుక్కరని తోచడానికి కొంత సమయం పట్టింది. కాళ్ళెక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది. లేచి మెట్లు దిగుతుండగా, అడగకుండానే ఒక మాట నోటికొచ్చింది: మైమరపు. మై అంటే ఒళ్ళు. ఒళ్ళు మరవడం. యెన్‌హ్వే అన్న అవయవాలను రాల్చేయడానికి ఇంతకంటే దగ్గరి మాట ఏ ఇంగ్లీషు అనువాదంలోనూ లేదు. అయితే ఆ మాటకు మన దగ్గర పాట విన్నప్పటి పారవశ్యం, చూడముచ్చటైనదాన్ని చూసి కన్నార్పకపోవడం అంటుకుని ఉన్నాయి. నాకు కలిగినదానిలో పారవశ్యం ఏమీ లేదు, రుచి లేని మంచినీళ్ళలా ఉంది. పోలిక వెతకడం మానినందుకు దొరికిన మాటా ఇది, లేక వెదురు బద్ద రెండో ముక్క మళ్ళీ అతికిందా? మెట్ల మధ్య ఆగి ఆ మాట అనుకున్నప్పుడే, అప్పటిదాకా ఉన్నది ఏదో చెదిరిపోయిన సంగతి మాత్రం నాకు తెలుసు.

తరగతి అయిపోయాక అయిదుగురం ఆ మేడమీదే ఆదివారాలు కలుస్తున్నాం. ప్రాణాయామం ఆంటీ ఒక్క వారం కూడా మానలేదు. ఆవిడకు దాన్‌తియెన్ ఇవాళ్టికీ మణిపూరకమే, చీ ప్రాణమే, మాస్టారి గురువైన మలేషియా పెద్దాయన ఏదో పూర్వజన్మలో మన ఋషే. ఇవన్నీ నేను రాసినదాని ప్రకారం ఆవిడకు అడ్డుపడవలసిన మాటలు. పోయిన వారం చేతులు గుండ్రంగా పట్టి, కళ్ళు దూరంగా వదిలి, భుజాల మీదికి జుట్టు జారినట్టు ఇరవై రెండు నిమిషాలు ఆవిడ నిలబడ్డారు. నేను పదకొండో నిమిషంలో కూలబడి, మిగతా సగం ఆవిడను చూస్తూ కూర్చున్నాను.